బీరుని 19 డిగ్రీల దగ్గర నిలపడం: ఐదు బ్యాచ్‌ల డైరీ

మొదటి బ్యాచ్, 0వ రోజు

మొదటిసారి బీరు కాచాను. 20 లీటర్లు. లేత రంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) సారం, ఒకే రకం హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు), 11.5 గ్రాముల పొడి ఏల్ (కాస్త వెచ్చగా పులిసే బీరు రకం) ఈస్టు పొట్లం ఒకటి. గంటసేపు మరిగించి, గిన్నెను చన్నీళ్ల తొట్టిలో దించాను. చల్లారడానికి నేననుకున్నదానికి రెట్టింపు సమయం పట్టింది. 30 డిగ్రీలకు దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. ఇక ఆగలేక వర్ట్‌ని (ఈస్టు కలపకముందు ఆ తీపి ద్రవాన్ని అలా అంటారు) ఫెర్మెంటర్‌లోకి (పులియబెట్టే డబ్బాలోకి) ఒంపి, ఈస్టు చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్ (లోపలి వాయువుని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని ద్రవపు బిరడా) పెట్టేశాను. హైడ్రోమీటరు 1.048 చూపించింది (నీళ్లతో పోలిస్తే సాంద్రత ఎంతో చెప్పే అంకె ఇది, ఈస్టు చక్కెర తినేకొద్దీ దిగుతుంది). గదిలో 27 డిగ్రీలు.

1వ రోజు

పొద్దున లేచేసరికి ఎయిర్‌లాక్ ఆగకుండా బుడబుడలాడుతోంది. మూత కింద నాలుగు వేళ్ల మందాన నురుగు కట్టింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. అప్పుడు గమనించాను, డబ్బాకు అంటించిన పట్టీ థర్మామీటరు 32 దగ్గర వెలుగుతోంది. గది ఇంకా 27 మీదే ఉంది. పట్టీ పాడైందేమో అనుకుని డబ్బా మీద చెయ్యి వేసి చూశాను. పక్కనున్న నీళ్ల డబ్బా చల్లగా తగిలింది, బీరు డబ్బా వెచ్చగా తగిలింది.

3వ రోజు

బుడగలు ఆగిపోయాయి. 1.010. రెండున్నర రోజుల్లో మొత్తం అయిపోయింది. నమూనా నోట్లో వేసుకుంటే ముందు బాగా మాగిన అరటిపండు వాసన, దాని వెనకే గోళ్లరంగు తుడిచే ద్రవం లాంటి ఘాటు, మింగాక గొంతులో మంట. సీసాల్లో మగ్గితే పోతుందని ఆశ పెట్టుకున్నాను.

27వ రోజు

పోలేదు. అరటి వాసన కాస్త నెమ్మదించిందేమో గానీ మంట మాత్రం అలాగే ఉంది. అన్నయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఏరా, ఇది ఎంత శాతం? పది ఉంటుందా?" అన్నాడు. లెక్క ప్రకారం 5 శాతమే. 1.048 లోంచి 1.010 తీసేసి, వచ్చినదాన్ని 131.25తో గుణిస్తే 4.99 వస్తుంది. ఆ మంట ఆల్కహాల్ ఎక్కువై వచ్చింది కాదు. ఫ్యూసెల్ ఆల్కహాల్స్ అని బరువైన రకాలు కొన్ని ఉన్నాయి. ఈస్టు మరీ వేడిలో పెరిగితే వాటిని ఎక్కువగా వదులుతుంది. అరటి వాసన ఐసోఅమైల్ అసిటేట్‌ది, గోళ్లరంగు ద్రవం వాసన ఇథైల్ అసిటేట్‌ది. ఈ రెండూ ఎస్టర్లు. కొద్దిగా ఉంటే ఏల్‌కి పండ్ల రుచినిస్తాయి. నా బీరులో కొద్దిగా లేవు.

వారం రోజులుగా ఈ విషయమే చదువుతున్నాను. ఇన్నాళ్లూ నేను గది ఉష్ణోగ్రత చూసుకుని, "27 కదా, ఈస్టు పొట్లం మీద రాసినదానికి కాస్తే ఎక్కువ" అని సరిపెట్టుకున్నాను. పొట్లం మీద రాసే అంకె బీరుది, గదిది కాదు. ఈస్టు చక్కెర తింటున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. కిలో చక్కెర పులిస్తే దాదాపు 550 నుంచి 600 కిలోజౌళ్లు. నా వర్ట్‌లో కరిగి ఉన్నది దాదాపు రెండున్నర కిలోలు. అందులో ఈస్టు నిజంగా తిన్నది ఒకటిన్నర కిలోల పైచిలుకు. అంటే 900 కిలోజౌళ్ల వేడి అనుకోవచ్చు. 20 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 84 కిలోజౌళ్లు చాలు. వేడి బయటికి పోయే దారి అసలు లేకపోతే బీరు తనంతట తానే 10 డిగ్రీలకు పైగా ఎక్కుతుందన్నమాట. గోడల గుండా కొంత పోతుంది కాబట్టి నాకు 5 డిగ్రీల దగ్గర ఆగింది. ఇందులో ఇంకో చిక్కుంది. వేడెక్కేకొద్దీ ఈస్టు వేగం పెంచుతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. పైగా నేను మొదలుపెట్టిందే 30 దగ్గర.

రుచిని పాడుచేసే పదార్థాలు ఎక్కువగా పుట్టేది ఈస్టు పిల్లలు పెడుతూ పెరిగే దశలోనే. అంటే మొదటి రెండు మూడు రోజుల్లో. ఆ తర్వాత చల్లబరిచినా పుట్టినవి ఎక్కడికీ పోవు. కాబట్టి రెండో బ్యాచ్‌కి ఒకే లక్ష్యం పెట్టుకున్నాను. మొదటి 72 గంటలు బీరు 20 దాటకూడదు.

రెండో బ్యాచ్, 0వ రోజు

అదే మాల్ట్, అదే హాప్స్, అదే ఈస్టు. వంటకం మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదని ఏమీ మార్చలేదు.

ఫ్రిజ్ ఇంకా లేదు. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో 30 లీటర్ల నీళ్లు పోసి, అందులో ఫెర్మెంటర్‌ని నిలబెట్టాను. డబ్బాకు పాత నూలు చొక్కా తొడిగి, దాని అంచులు నీళ్లలో మునిగేలా వదిలాను. బట్ట నీళ్లను పైకి పీలుస్తుంది, ఎదురుగా పెట్టిన ఫ్యాను ఆ తడిని ఆరబెడుతుంది, ఆ ఆవిరి డబ్బాలోని వేడిని పట్టుకుపోతుంది. ఫ్యాను తీగ, ప్లగ్గు నీళ్లకు దూరంగా ఎత్తు బల్ల మీద ఉన్నాయి. తొట్టి చుట్టూ తడి, పక్కనే కరెంటు కాబట్టి రోజూ తొట్టి ముట్టుకునే ముందు స్విచ్ తీసేసేవాణ్ణి.

లీటరు సీసాలు ఎనిమిదింటిలో నీళ్లు పోసి గడ్డకట్టించాను. సీసా నిండా పోయకూడదు, ఐసు వ్యాకోచించి పగులుతుంది. ఈసారి వర్ట్‌ని 18 డిగ్రీలకు దించేదాకా ఈస్టు వెయ్యలేదు. దానికే ఆరు సీసాలు ఖర్చయ్యాయి.

1వ రోజు

పొద్దున 18.5. మధ్యాహ్నం 19.5. రెండు సీసాలు వేశాను. రాత్రికి 18.

సీసాకెంత పని చేయించుకోగలనో కాగితం మీద లెక్కేశాను. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. కరిగిన నీళ్లు 19 డిగ్రీలకు రావడానికి ఇంకో 80. మొత్తం 410 పైన. తొట్టి నీళ్లు, బీరు కలిపి 50 లీటర్లు, డిగ్రీకి 209 కిలోజౌళ్లు. అంటే ఒక్కో సీసాకి దాదాపు 2 డిగ్రీలు. నా నోటుబుక్కులోని అంకెలు దీనికి తక్కువగా ఉన్నాయి, ఎందుకంటే ఐసు కరుగుతున్నంతసేపూ ఈస్టూ, గదీ తమ వేడిని పోస్తూనే ఉన్నాయి.

నన్ను ఆశ్చర్యపరిచింది తడి చొక్కా లెక్క. లీటరు నీరు ఆవిరైతే 2400 కిలోజౌళ్లకు పైగా పోతుంది. అదే లీటరు ఐసు చేసే పనికి ఇది దాదాపు ఆరింతలు. తొట్టిలో నీళ్లు రాత్రికి రాత్రి వేలెడు తగ్గడం చూసి ముందు కారుతోందేమోనని తొట్టి కింద తడిమి చూశాను. అవన్నీ ఆవిరైన నీళ్లు. గాలి పొడిగా ఉన్నప్పుడు చొక్కా, ఫ్యానే సగానికి పైగా పని చేసేస్తాయి. గాలిలో తేమ ఎక్కువైన రోజున ఆవిరి పుట్టదు కాబట్టి భారమంతా ఐసు మీదే పడుతుంది. మర్నాడు సరిగ్గా అదే జరిగింది.

2వ రోజు

గాలిలో బాగా తేమ. ఉక్కపోత. చొక్కా తడిగానే ఉంది గానీ చల్లగా లేదు. నాలుగు సీసాలు పట్టాయి, అయినా సాయంత్రానికి 20.5 తాకింది. తొట్టి గోడల చుట్టూ థర్మాకోల్ పలకలు, పాత దుప్పటి చుట్టాను. ఇది మొదటి రోజే చెయ్యాల్సింది. ఈస్టు రోజంతా పుట్టించే వేడి కంటే, 27 డిగ్రీల గది నుంచి 19 డిగ్రీల తొట్టిలోకి చొరబడే వేడే ఎక్కువని లెక్కలో ముందే కనిపించింది. దుప్పటి చుట్టాక సీసాల ఖర్చు సగం అయింది.

5వ రోజు

తప్పు జరిగింది. నాలుగో రోజుకి ఈస్టు హోరు తగ్గింది, కానీ నా చెయ్యి తగ్గలేదు. పొద్దున రెండు, రాత్రి రెండు వేస్తూనే పోయాను. ఇవాళ పొద్దున చూస్తే 15.5. ఎయిర్‌లాక్‌లో కదలిక లేదు. హైడ్రోమీటరు 1.020 దగ్గర ఆగింది. అంటే తినాల్సిన చక్కెర ఇంకా మిగిలుండగానే చలికి ఈస్టు అడుక్కి దిగి నిద్రపోయింది.

ఇంకోటి. ఎయిర్‌లాక్‌లో నేను పోసిన క్రిమిసంహారక ద్రావణం సగమే ఉంది. డబ్బా ఒక్కసారిగా చల్లబడితే పైన ఉన్న వాయువు కుంచించుకుపోయి, బయటి నుంచి ద్రవాన్ని లోపలికి లాక్కుంటుంది. పోయింది రెండు చెంచాలే, అది కూడా శుభ్రమైన ద్రావణమే కాబట్టి బీరుకి ప్రమాదం లేదు. అందులో మామూలు నీళ్లు పోసి ఉంటే ఈ పాటికి కంగారు పడుతూ ఉండేవాణ్ణి.

డబ్బాని తొట్టిలోంచి తీసి గదిలో పెట్టి, మూత తియ్యకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పి ఈస్టుని పైకి లేపాను. 21 దాటనివ్వకుండా కాపలా కాస్తున్నాను.

9వ రోజు

మళ్లీ కదిలింది. 1.012. వరసగా మూడు రోజులు అదే అంకె వస్తే సీసాల్లో పడుతుంది.

రుచి చూశాను. అరటి వాసన లేదు, మంట లేదు. మాల్ట్ తీపి, హాప్స్ చేదు విడివిడిగా తెలుస్తున్నాయి. పచ్చి యాపిల్ లాంటి వాసన ఒకటి మాత్రం ఉంది. అది ఎసిటాల్డిహైడ్, ఈస్టు పని మధ్యలో ఆగిపోయిన గుర్తు. ఇంకొన్ని రోజులు ఈస్టు మీదే ఉంచితే అదే శుభ్రం చేసుకుంటుంది.

ఈ బ్యాచ్ నాకు పెట్టిన పరీక్షంతా ఒకే చోట ఉంది. ఈస్టుకి మొదట చలి కావాలి, చివర్లో వెచ్చదనం కావాలి. నేను వారమంతా ఒకే వైపు లాగాను.

ఇంకో మాట. ఐసు సీసాలు మోసే ఓపిక లేనివాళ్లకి వేరే దారి ఉంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన క్వైక్ ఈస్టుల్లో కొన్ని 35 డిగ్రీల దగ్గర కూడా శుభ్రంగా పులియబెడతాయి. సేజన్ రకం ఈస్టులు కూడా వెచ్చదనాన్ని ఇష్టపడతాయి, అయితే వాటి మిరియాల రుచి వేరు. వేడి గదిలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే మొదటి బ్యాచ్ క్వైక్‌తోనే కాయమంటాను. నాకు మాత్రం ఈ ఈస్టునే లొంగదీసుకోవాలని పట్టుదల పుట్టింది.

మూడో బ్యాచ్‌కి ముందు

వాడకంలో లేని పాత ఒంటి తలుపు ఫ్రిజ్ దొరికింది. అరలు తీసేస్తే ఫెర్మెంటర్ సరిగ్గా పడుతుంది. ఫ్రిజ్ సొంత థెర్మోస్టాట్ 8 డిగ్రీల పైన పనికి రాదు కాబట్టి బయట ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెట్టాను. దానికి రెండు సాకెట్లు. ఒకదాంట్లో ఫ్రిజ్, ఇంకోదాంట్లో డబ్బాకు చుట్టే 25 వాట్ల హీటింగ్ బెల్టు. సెన్సార్ చెప్పే అంకెని బట్టి ఏది వెయ్యాలో అదే నిర్ణయిస్తుంది. తీగలు విప్పి కలుపుకునే రకం కూడా ఉంటుంది గానీ, కరెంటు పని రానివాణ్ణి కాబట్టి సాకెట్లతో సిద్ధంగా వచ్చేదే తీసుకున్నాను.

ముందు సెన్సార్ నిజం చెబుతుందో లేదో చూశాను. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు, దాని సందులు నిండేంత నీళ్లు పోసి బాగా కలిపితే అది 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెన్సార్ 0.6 చూపించింది. కంట్రోలర్‌లో సవరణ మైనస్ 0.6 పెట్టాను. పట్టీ థర్మామీటరు ఒక డిగ్రీ ఎక్కువే చెబుతోందని కూడా ఇప్పుడే తెలిసింది. అంటే మొదటి బ్యాచ్ 32 కాదు, 31 అయి ఉంటుంది.

బీరు పొయ్యకముందు 20 లీటర్ల మంచినీళ్లతో మూడు రోజులు రిహార్సల్ చేశాను. ఈ డైరీ చదివి ఎవరైనా ఒక్క పనే చేస్తారంటే ఇదే చెయ్యమంటాను. సెన్సార్‌ని మొదట ఫ్రిజ్ గాల్లో వేలాడదీశాను. గాలి క్షణాల్లో చల్లబడుతుంది, తలుపు తీస్తే క్షణాల్లో వేడెక్కుతుంది. కంప్రెసర్ పది నిమిషాలకోసారి ఆన్ అవుతూ ఆగుతూ ఉంది. గాలి 19 అంటోంది, నీళ్లు ఇంకా 25 దగ్గరే ఉన్నాయి. ఇవి ఉత్త నీళ్లు. అదే పులిసే బీరైతే తేడా ఎంతకీ తగ్గదు, ఈస్టు లోపల వేడి పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి.

రెండో రోజు సెన్సార్‌ని డబ్బా గోడకు, ద్రవం మట్టానికి సగం ఎత్తులో ఆనించి, పైన రెండు వేళ్ల మందం ఫోము ముక్క వేసి టేపుతో గట్టిగా బిగించాను. ఫోము లేకపోతే సగం గాలినీ సగం బీరునీ కొలుస్తుంది. డబ్బా లోపల ముంచిన థర్మామీటరుతో పోల్చి చూస్తే తేడా 0.3 లోపే ఉంది. 27 నుంచి 19కి రావడానికి ఆరు గంటలు పట్టింది. 19 దగ్గర కంప్రెసర్ ఆగినా, చల్లబడిపోయిన ఫ్రిజ్ గోడలు పని చేస్తూనే ఉండి నీళ్లు 18.5 దాకా జారాయి.

ఆ జారుడు చూశాకే సెట్టింగులు అర్థమయ్యాయి. తేడా 0.5 పెట్టాను. అంటే 19 అడిగితే 19.5 దగ్గర చల్లబరచడం మొదలై 19 దగ్గర ఆగుతుంది, 18.5 దగ్గర బెల్టు వెలుగుతుంది. సరిగ్గా ఇక్కడే ఇబ్బంది వచ్చింది. జారుడు 18.5 దాకా వెళ్తే బెల్టు వెలిగి, మళ్లీ వేడెక్కి, మళ్లీ ఫ్రిజ్ ఆన్ అయి, రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. తేడాని 0.8కి పెంచితే పోట్లాట ఆగింది. కంప్రెసర్ ఆగాక కనీసం 5 నిమిషాలు మళ్లీ మొదలవకుండా ఆలస్యం కూడా పెట్టాను. ఆగిన వెంటనే మొదలైతే లోపలి ఒత్తిడి దిగక కంప్రెసర్ దెబ్బతింటుంది.

మూడో బ్యాచ్, 0వ రోజు నుంచి 10వ రోజు దాకా

రోజువారీ రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అందుకే ఒకే చోట రాస్తున్నాను. వర్ట్‌ని చేతనైనంత చల్లార్చి, మిగతా దూరం ఫ్రిజ్‌కే వదిలేసి, 17కి వచ్చాక మర్నాడు పొద్దున ఈస్టు వేశాను. పాత్రలన్నీ శుభ్రంగా ఉంటే ఆ ఒక్క రాత్రి ఆలస్యం వల్ల నష్టం లేదు. 30 దగ్గర ఈస్టు వేసి తర్వాత చల్లబరచడం కంటే ఇది వంద రెట్లు మేలు. 17 నుంచి మొదటి రోజంతా మెల్లగా 19కి ఎక్కనిచ్చాను. ఈస్టు తన సొంత వేడితోనే ఎక్కింది, బెల్టు ఒక్కసారి కూడా వెలగలేదు.

రెండో రోజు రాత్రి నురుగు మూతని తాకింది. ఎయిర్‌లాక్ తీసి, లావు గొట్టం ఒకటి పెట్టి దాని రెండో చివర నీళ్ల సీసాలో ముంచాను. ఫ్రిజ్ తలుపు తియ్యగానే తల లోపల పెట్టి వాసన చూడాలనిపిస్తుంది. అలా చెయ్యకూడదు. మూసిన ఫ్రిజ్ నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, ముక్కులో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. తలుపు తీసి, గది కిటికీ తెరిచి, కాసేపాగి చూడాలి.

72 గంటలు అయ్యేసరికి 1.021. మూడింట రెండొంతుల పైన పని అయింది. అప్పుడు రోజుకొక డిగ్రీ చొప్పున పెంచుతూ 22కి తెచ్చాను. రెండో బ్యాచ్‌లో నేను చెయ్యనిది ఇదే. ఇప్పుడు పెంచితే ఎస్టర్లకి భయం లేదు, పెరుగుదల దశ దాటిపోయింది. ఈస్టు మాత్రం మెలకువగా ఉండి మిగిలిన చక్కెరనీ, తాను వదిలిన ఎసిటాల్డిహైడ్‌నీ పూర్తి చేస్తుంది. ఏడో రోజు 1.010. తొమ్మిదో రోజు 1.010. పదో రోజు కూడా అంతే.

సీసాల్లో పోసేటప్పుడు, మూసిన సీసాలో వాయువు పుట్టడానికి, లీటరుకి 6 గ్రాముల చక్కెర. ఇక్కడ కూడా ఉష్ణోగ్రత లెక్కలోకి వస్తుందని నాకు తెలియదు. వెచ్చని బీరు తక్కువ వాయువుని పట్టి ఉంచుతుంది, చల్లని బీరు ఎక్కువ. కాబట్టి పులవడం ముగిశాక బీరు చూసిన అత్యధిక ఉష్ణోగ్రతని తీసుకుని చక్కెర లెక్కెయ్యాలి. సీసాలో పోసే రోజు ఎంత ఉందన్నది కాదు.

నాలుగో బ్యాచ్, 24వ రోజు

మూడో బ్యాచ్ బాగా వచ్చింది. కానీ బాగుందని నాకనిపించడం వేరు, నిజంగా తేడా ఉండడం వేరు. ఇంత కష్టపడినవాడి నాలుక తనకు కావలసిన రుచినే చెబుతుంది. అందుకే ఒకే వర్ట్‌ని రెండు 10 లీటర్ల డబ్బాల్లో సగం సగం పోసి, ఒకే పొట్లంలోని ఈస్టుని తూచి చెరిసగం వేసి, ఒకటి ఫ్రిజ్‌లో 18.5 దగ్గర, ఇంకోటి గదిలో వదిలేశాను. గది 26.5. గదిలోది గరిష్ఠంగా 29.5 దాకా వెళ్లింది. చిన్న డబ్బా కాబట్టి మొదటి బ్యాచ్‌లా 4 డిగ్రీలు కాకుండా 3 డిగ్రీలే ఎక్కింది. పరిమాణం తగ్గితే దానితో పోలిస్తే గోడల వైశాల్యం పెరుగుతుంది, వేడి త్వరగా పోతుంది. పెద్ద డబ్బాల్లో కాచేవాళ్లకి ఇది ఎదురు తిరుగుతుంది.

ఇవాళ అన్నయ్యని కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. మూడు గ్లాసులు. రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో రెండోది. ఏది ఏదో నేను గ్లాసుల అడుగున రాసిపెట్టి, వదిన చేత తిప్పించి పెట్టించాను, నా మొహం చూసి పసిగట్టకుండా.

"వేరేది ఏదో చెప్పు, చాలు."

"ఇది."

నాలుగుసార్లు కొత్తగా పెట్టాం. నాలుగుసార్లూ సరిగ్గా చెప్పాడు. గుడ్డిగా చెబితే నాలుగూ సరిపోయే అవకాశం 81లో ఒకటి. "ఎలా కనుక్కున్నావు అన్నయ్యా?" అంటే, "అరటిపండు రా. మొన్న తాగించావే, అదే" అన్నాడు. మంట మాత్రం తనకి తెలియలేదట. నాకు తెలిసింది, కానీ ఏది ఏదో నాకు ముందే తెలుసు కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోను.

గదిలో పులిసిన ఆ 10 లీటర్లు తాగడానికి పనికిరానివేమీ కావు. మొదటి బ్యాచ్ కంటే చాలా మెరుగు. ఈస్టు వేసేటప్పుడు 18 ఉండడం పెద్ద తేడా. మొదటి కొన్ని గంటలకి ఎంత విలువుందో నాకు అందులో కనిపించింది.

ఐదో బ్యాచ్, 0వ రోజు

లాగర్. చలిలో నెమ్మదిగా పులిసే బీరు ఇది. ఇన్నాళ్లూ దీనికే భయపడ్డాను.

ఏల్ ఈస్టు సాక్రోమైసిస్ సెరివిసియే. లాగర్ ఈస్టు సాక్రోమైసిస్ పాస్టోరియానస్. ఇది సంకరం. ఒక తల్లి ఆ ఏల్ ఈస్టే, రెండో తల్లి సాక్రోమైసిస్ యూబయానస్ అనే చలికి తట్టుకునే అడవి ఈస్టు. దాన్ని దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించినట్టు 2011లో ప్రకటించారు. చలిలో పనిచేసే గుణం దాన్నుంచే వచ్చింది. జర్మనీలోని బవేరియాలో 1553 నాటి ఆజ్ఞ ప్రకారం సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకా మాత్రమే బీరు కాయాలి. వేసవిలో కాచింది పాడవుతుందని వాళ్లకి అనుభవం చెప్పింది. 1870లలో కార్ల్ ఫాన్ లిండే తన శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలో పెట్టాక ఆ క్యాలెండరు అవసరం తీరిపోయింది. అరలు తీసేసిన నా పాత ఫ్రిజ్ ముందు నిలబడి ఇది తలుచుకుంటే ఒళ్లు పులకరించింది.

20 లీటర్లు, 1.050. చలిలో ఈస్టు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి రెండు పొట్లాలు. 10 డిగ్రీల దగ్గర వేశాను. కంట్రోలర్ 11 మీద.

2వ రోజు

30 గంటలైనా ఒక్క బుడగ లేదు. వెచ్చగా చేసేద్దామని చెయ్యి కంట్రోలర్ దాకా వెళ్లింది. ఆపుకున్నాను. 34వ గంటలో పల్చటి నురుగు.

4వ రోజు

కుళ్లిన గుడ్డు వాసన. ఇది నిజంగా భయపెట్టేదే గానీ లాగర్ ఈస్టు గంధకం వాసన వదలడం మామూలే. కార్బన్ డయాక్సైడ్‌తో పాటే చాలావరకు బయటికి పోతుంది. బీరు 11.2. ఫ్రిజ్ లోపలి గాలి 7 దాకా దిగుతోంది. ఈస్టు ఎంత వేడి పుట్టిస్తోందో ఆ తేడాలో తెలుస్తుంది.

8వ రోజు

1.022. కంట్రోలర్‌ని 14కి, రేపు 18కి. బెల్టుకి మొదటిసారి అసలైన పని దొరికింది. ఫ్రిజ్ చలినే పట్టి ఉంచుతుంది కాబట్టి అది లేకపోతే 18కి ఎక్కడానికి రెండు రోజులు పట్టేది.

ఈ వెచ్చదనం డయాసిటైల్ కోసం. పెరిగే దశలో ఈస్టు ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థాన్ని బీరులోకి వదులుతుంది. దానికి వాసన లేదు. అది మెల్లమెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, దానికి వెన్న వాసన. ఈస్టు ఆ డయాసిటైల్‌ని తిరిగి లోపలికి తీసుకుని వాసన లేనిదిగా మార్చేస్తుంది. మారడం, తీసుకోవడం రెండూ వెచ్చగా ఉంటేనే చురుగ్గా జరుగుతాయి. తొందరపడి ఇప్పుడే చల్లబరిచి సీసాల్లో పోస్తే, ఈస్టు నిద్రపోతుంది, ఆ వాసన లేని పదార్థం మాత్రం సీసాలో కూర్చుని నెలకి వెన్నగా తేలుతుంది.

12వ రోజు

1.012. నమూనా మామూలుగా రుచి చూస్తే శుభ్రంగానే ఉంది. అది నమ్మకుండా, రెండు చిన్న సీసాల్లో నమూనా పోశాను. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకోదానికి వదులుగా మూత పెట్టి 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, తర్వాత చల్లార్చాను. దాగి ఉన్నదేమైనా ఉంటే వేడికి డయాసిటైల్‌గా మారి బయటపడుతుంది. ఫ్రిజ్‌లోది మాల్ట్ వాసన. వేడి చేసినదాన్ని ముక్కు దగ్గర పెట్టగానే కరిగిన వెన్న.

కంట్రోలర్ 18 మీదే ఉంది. ముట్టుకోలేదు.

15వ రోజు

మళ్లీ అదే పరీక్ష. వదినకి రెండు సీసాలూ ఇచ్చి ఏది ఏదో చెప్పకుండా వాసన చూడమన్నాను. "రెండూ ఒకటేలా ఉన్నాయయ్యా" అంది. నేనూ చూశాను. రెండింట్లోనూ మాల్ట్ వాసనే.

ఎయిర్‌లాక్ తీసేసి, మూత కన్నానికి శుభ్రం చేసిన రబ్బరు బిరడా బిగించాను. చల్లబడేటప్పుడు లోపలికి ద్రవమూ గాలీ లాగకూడదని. హీటింగ్ బెల్టు ప్లగ్గు పీకాను. కంట్రోలర్ 16కి. రోజుకి 2 డిగ్రీల చొప్పున దించుతూ 2 దాకా తీసుకెళ్లి, అక్కడ నాలుగు వారాలు ఉంచుతాను. రాత్రి పదింటికి బీరు 17.1.